కోపం ఉంది, కేసు వద్దు

పాత శిక్షాస్మృతి పోయి కొత్త సంహిత రావడానికి ముందు సంవత్సరం, జూన్ మొదటి వారంలో నన్ను పాతబస్తీలోని ఒక పోలీస్ స్టేషన్‌కు కోర్టు డ్యూటీ ఏఎస్ఐగా వేసిన్రు. అప్పటికి నా సర్వీసు రెండేండ్లే మిగిలింది. మోకాళ్ళు నొస్తున్నయి, గస్తీ తప్పించమని అడిగితే ఇన్‌స్పెక్టర్ సాబ్ నవ్వి, "మల్లేశం, నీకు నోరు ఎక్కువ, కాళ్ళు తక్కువ. కోర్టుకే పో" అన్నడు. నాకేం కోపం రాలేదు. ఉన్నమాటే అన్నడు.

కోర్టు డ్యూటీ అంటే నిందితులను బండెక్కించి తీసుకపోవుడు అనుకుంటరు చాలామంది. అది ఎస్కార్టు వాళ్ళ పని. మాది కాయితం పని. స్టేషన్‌లో నమోదైన ఏ కేసు ఏ కోర్టులో ఏ దశలో ఉందో రిజిస్టర్‌లో ఎక్కించాలె. సాక్షులకు సమన్లు అందించాలె. కేసు డైరీని, అంటే దర్యాప్తులో రోజువారీగా రాసిన ఫైలును, అడిగినప్పుడు సర్కారు వకీలు చేతిలో పెట్టాలె. హైకోర్టులో మా కేసు పిలుపుకొస్తే 'ఇన్‌స్ట్రక్షన్స్' ఇయ్యాలె. జడ్జి అడిగేదానికి సర్కారు తరఫున ఏం చెప్పాల్నో ఆ వివరం స్టేషన్ నుంచి రాతపూర్వకంగా పోవాలె, అదే ఇన్‌స్ట్రక్షన్స్. ఇంతకుముందు వేరే స్టేషన్లల్ల కూడా ఈ పని చేసిన, ఇందులో నాకు పేరుండె. అప్పటిదాక నేను రాసిన రిపోర్టు వాపస్ వచ్చిన దాఖలా లేదు. ఈ మాట గొప్పకు చెప్తలేను. గొప్పకే చెప్తున్ననుకున్నా నాకేం ఫికర్ లేదు.

చేరిన నాలుగో రోజు మధ్యాహ్నం హబీబ్ భాయ్ వచ్చిండు. ఆయనకు ఉస్మాన్‌గంజ్‌లో కొబ్బరి నార, గోనె, సుతిలి తాడు హోల్‌సేల్ దుకాణం. ధూల్‌పేట్‌లో తయారయ్యే గణపతుల కడుపులో ఉండే నార సగం ఆయన దుకాణందే. ఆ గల్లీల్లో ఏ లొల్లి అయినా ఆయన్నే పిలుస్తరు, ఎందుకంటే అందరికీ సరుకిచ్చేది ఆయనే, ఎవరి పక్షమూ పట్టడు. వచ్చి కూసొని, చాయ్ కూడా తాగకుండ, "మల్లేశం సాబ్, నర్సింగ్ ఉస్తాద్‌కు, సంతోష్‌కు సులహ్ అయింది, రాజీ పడ్డరు. కేసు బంద్ చెయ్యాలె" అన్నడు.

"బంద్ చేసేటందుకు నీ దుకాణం షట్టరా అది, హబీబ్ భాయ్?" అన్న.

అన్న గాని, ఫైలు తీసి చూసిన. కేసు ఇది. నర్సింగ్ ఉస్తాద్ ధూల్‌పేట్‌లో మూర్తులు చేసే మనిషి. అరవైకి దగ్గర పడ్డడు. సంతోష్ ఆయన దగ్గర పద్నాలుగేండ్లు పని నేర్చుకొని, ఆ గల్లీలోనే ఎదురుంగ సొంత షెడ్డు వేసుకున్నడు. రెండేండ్ల కింద పండుగ అయిపోయిన వారానికి ఉస్తాద్ ఆ షెడ్డులో ఒక మొఖం సాంచా చూసిండు. సాంచా అంటే అచ్చు. అచ్చం తన అచ్చు లెక్కనే ఉండె. పదిమందిలో సంతోష్‌ను దొంగ అన్నడు. సంతోష్‌కు రోషం పొడుచుకొచ్చి, మూర్తి లోపల బిగించే ఇనుప సలాక చేతికి దొరికితే తిప్పి కొట్టిండు. అది ఉస్తాద్ కుడి మణికట్టు మీద పడ్డది. బొక్కలు రెండు విరిగినయి, నరం తెగింది. దవాఖానాలో అన్నీ అతికించిన్రు కాని బొటనవేలు, చూపుడువేలు కలవవు. కుంచె పట్టేటివి ఆ రెండు వేళ్ళే.

దర్యాప్తులో తేలింది ఏందంటే, ఆ సాంచా దొంగతనం చేసింది కాదు. పద్నాలుగేండ్లు చూసి చూసి చేతికి వచ్చిన మొఖాన్ని సంతోష్ సొంతంగా ఒత్తుకున్నడు. దొంగ అన్న మాట తప్పే, సలాక లేపుడూ తప్పే. చట్టం చూసేది మాత్రం సలాకనే.

మారణాయుధంతో తీవ్రగాయం, అంటే అప్పటి లెక్కలో మూడువందల ఇరవై ఆరో సెక్షన్. ఇక్కడ చదివేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలె. క్రిమినల్ కేసు ఇద్దరి మధ్య పంచాయతీ కాదు. దెబ్బ తిన్నది ఉస్తాద్ అయినా, కేసు పెట్టింది సర్కారు. చిన్న నేరాలు కొన్నిటికి చట్టంలోనే ఒక పట్టిక ఉంది, అవి కింది కోర్టులోనే రాజీ చేసుకోవచ్చు. ఈ సెక్షన్ ఆ పట్టికలో లేదు. ఫిర్యాది నాంపల్లి కోర్టుకు పోయి కాళ్ళమీద పడ్డా మేజిస్ట్రేటు కేసు మూసెయ్యలేడు. సాక్ష్యం వినాల్సిందే.

మరి రాజీ అయినోళ్ళు ఏం చేస్తరు? ఊరంత చేసేది ఒకటే. ఫిర్యాది బోనెక్కి, "నన్ను ఎవ్వరూ కొట్టలేదు, మెట్ల మీద జారిపడ్డ" అంటడు. సర్కారు వకీలు ఆయన అడ్డం తిరిగిండని రాయించుకుంటడు. కేసు కొట్టుడు పోతది. అందరికీ తెలిసిన అబద్ధం, అందరూ తలకాయ ఊపుతరు. నేనూ నా సర్వీసులో ఎన్నోసార్లు చూసిన, ఊకున్న.

ఆయనకూ అదే దారి చెప్పిన. హబీబ్ భాయ్ తల అడ్డంగా ఊపిండు. "సంతోష్ వకీలూ అదే చెప్పిండు సాబ్. ఉస్తాద్ ససేమిరా అంటున్నడు. లోకమంత చూసింది, బోనుల నిలబడి జారిపడ్డ అని నేను చెప్పనన్నడు. సాక్ష్యానికి సమను వస్తే కొట్టిండనే చెప్తడు. గప్పుడు సంతోష్ లోపలికి పోవుడు ఖాయం."

"పోనీ. కొట్టినోడు పోతడు. ఉస్తాద్‌కు ఏం బాధ?"

అప్పుడు చెప్పిండు అసలు సంగతి. మూర్తికి ఆఖరున కండ్లు దిద్దుతరు. మట్టి, నార, రంగు ఎవరు వేసినా, కండ్లు మాత్రం ఉస్తాదే దిద్దాలె. నర్సింగ్ ఉస్తాద్ దిద్దిన కండ్లకు పేరుంది. ఏ మూల నిలబడ్డా మనల్నే చూస్తున్నట్టు ఉంటయి. ఆ చెయ్యి పోయినంక, పోయిన ఏడు వచ్చిన పండుగకు ఎవరితోనో దిద్దించిండు. మండపాల వాళ్ళు వచ్చి, చూసి, "ఈసారి మీ స్వామి చూస్తలేడు ఉస్తాద్" అని ఎదురు షెడ్లకు పోయిన్రు. ఈ ఏడు కూడా అట్లనే అయితే షెడ్డు మూసుకోవాల్సిందే. ఆ కండ్లు ఆయన జన్మలో నేర్పింది ఒక్కనికే.

సంతోష్‌కు.

నేను ఫైలు మూసి చాయ్ చెప్పిన.

రాజీ మాట ఇది. ఉస్తాద్ వద్దనేదాక, ప్రతి ఏడు సంతోష్ వచ్చి ఆయన షెడ్డులో, ఆయన ముందట, ఆయన మూర్తులకు కండ్లు దిద్దాలె. పైసల ప్రస్తావన లేదు. అయితే మధ్యలో ఒక ముడి ఉంది. సంతోష్ బెయిల్ షరతుల్లో ఫిర్యాది దగ్గరికి పోవద్దని ఉంది. అది సడలించమని అడగొచ్చు కద అంటే, ఉస్తాద్ దానికీ ఒప్పుకోలేదట. "బెయిల్ మీద ఉన్న చెయ్యి నా మూర్తి మీద పడొద్దు. కేసు పోవాలె, అప్పుడు రావాలె" అన్నడట. మొండి మనిషి. కాని ఆ మొండితనం నాకు నచ్చిందని ఒప్పుకోవాలె.

దీనికి ఉన్నది ఒకటే దారి, హైకోర్టులో క్వాష్ పిటిషన్. క్వాష్ అంటే కేసును మొదలంటా కొట్టేయుడు. పట్టికలో లేని నేరమైనా, అది ఇద్దరి సొంత తగాదా అయి, ఊరికి ముప్పు లేకపోయి, ఇద్దరూ మనసారా రాజీ పడితే, ఇక ఆ కేసు నడిపి లాభం లేదని కొట్టేసే అధికారం హైకోర్టుకు ఉంది. హత్య, మానభంగం లాంటివాటికి ఈ దారి లేదు. సలాక దెబ్బకు ఉండొచ్చు, ఉండకపోవచ్చు, జడ్జి గాయం చూస్తడు, కారణం చూస్తడు. నిందితుడు పిటిషన్ వెయ్యాలె, ఫిర్యాది రాజీ అఫిడవిట్ ఇయ్యాలె, పోలీసులు ఇన్‌స్ట్రక్షన్స్ ఇయ్యాలె. పోలీసోడు రాజీ చెయ్యొద్దు. రాజీ అయిందా లేదా అన్నది మాత్రమే చెప్పాలె. ఈ గీత నేను ఎప్పుడూ దాటలేదు, ఒక్క ఈ కేసులో తప్ప.

సంతోష్ వకీలు అఫిడవిట్ తయారు చేసి నాకు చూపెట్టిండు. కండ్ల సంగతి అందులో లేదు. అడిగితే, "అట్లాంటివి రాస్తే జడ్జి గారు వంద ప్రశ్నలు వేస్తరు సార్, మనకెందుకు?" అన్నడు. ఎప్పుడూ రాసే నాలుగు వాక్యాలే రాసిండు: పెద్దల సమక్షంలో రాజీ పడ్డం, ఎవరి ఒత్తిడీ లేదు, మా మధ్య ఇప్పుడు ఎలాంటి మనస్పర్థలు లేవు, కేసు కొట్టివేస్తే అభ్యంతరం లేదు. నేనూ సరే అన్న. వందల అఫిడవిట్లలో అవే వాక్యాలు చూసిన నేను. ఉస్తాద్ ఎడమ చేత్తో సంతకం పెట్టిండు. చదివి వినిపించిన్రా అంటే, వినిపించిన్రనే చెప్పిన్రు. రైలు పోయినట్టు చదివితే ఎవడు వింటడు?

జూలై నెలాఖరుకు పిటిషన్ పిలుపుకొచ్చింది. రాజీ అయిందని నేనూ ఇన్‌స్ట్రక్షన్స్ రాసి పంపిన. రాజీ నిజమా కాదా నిర్ధారించి రిపోర్టు ఇయ్యమని జడ్జి గారు ఇద్దరినీ వెరిఫికేషన్‌కు పంపిన్రు. ఒక అధికారి ముందు ఇద్దరూ ఆధార్ కార్డులతో నిలబడాలె, వకీళ్ళు వాళ్ళను గుర్తుపట్టాలె, అధికారి అడిగిన ప్రశ్నలకు జవాబులు రికార్డు అయితయి. అప్పటికి చవితి ఇంక ఆరు వారాలే ఉంది. ఉస్తాద్ షెడ్డులో నలభై దాక మూర్తులు కండ్ల కోసం నిలబడి ఉన్నయి.

ఆ రోజు పొద్దున హైకోర్టు క్యాంటీన్‌లో ఉస్తాద్‌ను కూసోబెట్టి పాఠం చెప్పిన. ఏం అడిగినా 'అవును మేడమ్' అను, ఒక్క 'ఒత్తిడి ఉందా' అన్నదానికి మాత్రం 'లేదు మేడమ్' అను, అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడొద్దు. నేను చెయ్యగూడని పని అది. ఆయన విన్నడు. అవునని అనలేదు, కాదని అనలేదు. పొట్టిగా, ఎండిపోయినట్టు ఉంటడు మనిషి. కుడి చెయ్యి ఎప్పుడూ అంగీ జేబులోనే. సంతోష్ గోడ పక్కన నిలబడి ఉండె, ముప్పై అయిదేండ్ల వాడు, బలమైనోడు, మొఖంలో మాత్రం నెత్తురు లేదు. ఆ రెండేండ్లలో ఉస్తాద్ వానితో ఒక్క మాట మాట్లాడలేదు. రాజీ మాటలన్నీ హబీబ్ భాయ్ నోటినుంచే పోయినయి, వచ్చినయి.

వెరిఫికేషన్ అధికారి పెద్ద వయసు మేడమ్, నెమ్మదిగా మాట్లాడే మనిషి. పేర్లు, కార్డులు అయినయి. ఈ సంతకం మీదేనా అన్నరు. నాదే, ఎడమ చేత్తో పెట్టిన అన్నడు ఉస్తాద్. ఎవరన్న భయపెట్టిన్రా, ఆశ చూపెట్టిన్రా అంటే ఎవ్వరూ లేరన్నడు. వారెవ్వా, పని అయిపోయింది అనుకున్న నేను.

"మీ ఇద్దరి మధ్య ఇప్పుడు ఎలాంటి మనస్పర్థలు లేవని రాసిన్రు. నిజమేనా?"

ఉస్తాద్ తల అడ్డంగా ఊపిండు. "కాదు మేడమ్. అది అబద్ధం" అన్నడు.

వకీలు ముందుకొచ్చి ఏదో అనబోతే మేడమ్ చెయ్యి అడ్డం పెట్టిన్రు. ఉస్తాద్ గొంతు పెంచకుండనే చెప్పిండు. "నాకు వీని మీద కోపం ఉంది. నా చెయ్యి నాతోని ఉన్నన్ని దినాలు ఉంటది. మనస్పర్థ లేదని ఎట్ల అంట?"

మరి రాజీ ఎట్ల అయిన్రని ఆమె అడిగిన్రు. అయిన, అన్నడు. రెండు మాటలు పొసగుతలేవు కద అని మేడమ్ అన్నరు. ఆమె పెన్ను కింద పెట్టిన్రు. ఫిర్యాది స్వచ్ఛందంగా రాజీ పడ్డట్టు తనకు తృప్తి కలగలేదని రిపోర్టులో రాస్తున్నట్టు చెప్పిన్రు. ఆమె తప్పేం లేదు. ఆమె కుర్చీలో నేనున్నా అదే రాస్తుంటి.

వరండాలోకి వచ్చినంక నాకు ఒళ్ళు మండింది. నలుగురు చూస్తున్నరని కూడా లేకుండ అరిచిన. "ముసలోడా, ఒక్క అవునంటే నీ సొమ్మేం పోయె? ఇన్ని దినాల కష్టం మూసీల కలిపితివి! నీ షెడ్డు మునుగుతది, వాడు జైలుకు పోతడు, నీకు సల్లగుంటదా?" ఉస్తాద్ నన్ను చూసి, "షెడ్డుల రంగు మొదలైంది సాబ్" అని ఒక్క మాట అన్నడు. మెట్లు దిగి పోయిండు.

రంగుకు, దీనికి ఏం సంబంధం? ఆ మాటకు అర్థం చెప్పింది సంతోష్. మొదటి మూర్తికి రంగు పడ్డ దినం నుంచి ఆఖరి మూర్తి గడప దాటేదాక ఆ షెడ్డు మనుషులు అబద్ధం ఆడొద్దు. నీసు ముట్టొద్దు, తాగొద్దు, అబద్ధం ఆడొద్దు. వేరే షెడ్లలో మొదటి రెండే పాటిస్తరట. ఉస్తాద్ ఇంట్లో తాత కాలం నుంచి మూడోది కూడా ఉంది. గిరాకి వచ్చి రంగు నిలుస్తదా అంటే, నిలవకపోతే నిలవదనే చెప్తరు. అఫిడవిట్ మీద సంతకం పెట్టింది జూన్‌లో, రంగు మొదలు కాకముందు. వెరిఫికేషన్ వచ్చింది రంగు మొదలైనంక. ఇది నాకు తెల్వది, వకీలుకు తెల్వది, హబీబ్ భాయ్‌కు కూడా తట్టలేదు.

"నీకు ఎరుకే కదరా? పద్నాలుగేండ్లు ఆ షెడ్డులో ఉన్నవ్. ముందే చెప్తే వేరే తారీఖు అడుగుతుంటిమి కద!" అన్న.

సంతోష్ కండ్ల నిండ నీళ్ళు పెట్టుకొని, "ఎరుకే సాబ్. కావాల్నని ఊకున్న. రెండేండ్ల నుంచి ఆయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు, శపించలేదు. మొఖం తిప్పుకొని పోతుండె. నా ముందట నిలబడి నా మీద కోపముందని ఆయన నోటితోని ఒక్కసారి అంటే వినాల్నని ఉండె. జైలుకు పోతే పోయిన" అన్నడు.

ముప్పై ఆరేండ్ల సర్వీసులో నా నోరు మూయించిన నిందితుడు వీడొక్కడే. మొఖం కడుక్కొని రమ్మన్న.

మరునాడు సర్కారు వకీలు నన్ను పిలిపించిండు. రిపోర్టు ఇట్ల వచ్చినప్పుడు రాజీ వెనుక బెదిరింపు ఏమన్న ఉందా అని కోర్టు అనుమానిస్తది, మళ్ళా ఇన్‌స్ట్రక్షన్స్ కావాలె, ఫిర్యాది వాంగ్మూలం కొత్తగా తీసుకొని రమ్మన్నడు. నా రిపోర్టు వాపస్ వచ్చుడు అదే మొదలు. సిగ్గేసింది. ఆ సాయంత్రమే ధూల్‌పేట్ పోయిన.

షెడ్డులో నలభై మూర్తులు వరుసల్లో నిలబడి ఉన్నయి. కిరీటాలు, నగలు, ధోవతి అంచులు అన్నీ అయినయి. కండ్ల జాగలో తెల్లగా ఉంది. నాకు అక్కడ నిలబడ బుద్ధి కాలేదు. ఉస్తాద్ భార్య స్టూలు వేసి నీళ్ళిచ్చింది. ఉస్తాద్ ఎడమ చేత్తో ఒక డబ్బాలో రంగు కలుపుతుండె.

అరిచినందుకు తప్పయిందన్న ముందు. తర్వాత వాంగ్మూలం సంగతి చెప్పి, ఆయన మంచికోరి ఒక సలహా కూడా ఇచ్చిన. కేసు ఇప్పుడే కొట్టేయించొద్దు. బెయిల్ షరతు సడలింపు నేను చూస్తా. కేసు నెత్తిమీద ఉన్నన్ని రోజులు వాడు భయంతో వచ్చి దిద్దుతడు. కేసు పోయిన మరునాడు వాడు రాకపోతే నువ్వు చేసేది ఏం లేదు, నేను చేసేది ఏం లేదు. ఏ కోర్టూ వాని చెయ్యి పట్టుకొచ్చి కుంచె పట్టియ్యదు. చేతిలో ఉన్న తాడు ఎందుకు వదులుకుంటవ్ ఉస్తాద్?

ఆయన రంగు కలుపుడు ఆపలేదు. "భయంతోని దిద్దిన కండ్లు చూసి ఎవడు మొక్కుతడు సాబ్?" అన్నడు.

నేను కాయితం తీసిన. నీకు ఏం కావాల్నో నీ మాటల్లోనే చెప్పు, నేను అదే రాస్తా, ఒక్క అక్షరం నాది కలపనన్న. ఆయన చెప్పుకుంటూ పోయిండు, నేను రాసుకుంటూ పోయిన. వాడు కొట్టింది నిజం. నేను దొంగ అన్నది కూడా నిజం, అది నా తప్పు, పదిమందిలో అన్నందుకు పదిమందిలో ఒప్పుకుంటా. వాని మీద కోపం పోలేదు, పోతదో లేదో నాకు తెల్వదు. వాడు జైలుకు పోతే నా చెయ్యి రాదు, నా పని కూడా పోతది. నా పని ఇప్పుడు వాని చేతిలనే ఉంది. కోపం ఉంది, కేసు వద్దు. రెండూ నిజమే, ఏది రాయకపోయినా అబద్ధమే.

పేజీన్నర వచ్చింది. చదివి వినిపించిన, ఈసారి మెల్లగా. ఎడమ చేత్తో సంతకం పెట్టిండు. నేను ఆ వాంగ్మూలానికి నా రిపోర్టు జతచేసి, కండ్ల ఒప్పందం సంగతి కూడా ఉన్నది ఉన్నట్టు రాసిన. సంతోష్‌కు ముందు నేరచరిత్ర లేదని, గల్లీలో దీని వల్ల వేరే ఉద్రిక్తత లేదని, పోలీసులకు రాజీ మీద అనుమానం లేదని రాసిన. సర్కారు వకీలు చదివి, కండ్లద్దాలు తీసి తుడుచుకొని, "ఇది మొదలే ఇస్తే అయిపోయేది కదయ్యా" అన్నడు. నిజమే. సంతోష్ వకీలు కూడా పాత అఫిడవిట్ వాపస్ తీసుకొని కొత్తది వేసిండు.

వారం తర్వాత కేసు పిలిచిన్రు. జడ్జి గారు వాంగ్మూలం మొత్తం చదివి ఉస్తాద్‌ను ముందుకు రమ్మన్నరు. తెలుగులోనే అడిగిన్రు. "ఈ కేసు నేను కొట్టేస్తే, అతను రేపు మీ షెడ్డుకు రాకపోయినా ఈ కోర్టు ఏమీ చెయ్యదు. కండ్లు దిద్దమని ఎవరినీ ఆదేశించలేము. ఆ మాట రికార్డులో రాస్తాము గాని, అది షరతు కాదు. మీకు అర్థమైందా?"

అర్థమైందన్నడు ఉస్తాద్. అయినా కొట్టెయ్యమంటరా అంటే, కొట్టెయ్యున్రి అన్నడు. ఆ మాట అనేటప్పుడు జేబులో ఉన్న చెయ్యి బయటికి తీసి కట్టె రెయిలింగ్ మీద పెట్టిండు. వేళ్ళు సగం ముడుచుకొని ఉన్నయి. జడ్జి గారు ఆ చేతిని చూసిన్రు, ఫైలులో గాయం సర్టిఫికెట్ మళ్ళా తిప్పి చూసిన్రు. ఇద్దరి సొంత తగాదా, కారణం తెలిసింది, ఫిర్యాది ఏమీ దాచకుండ చెప్పిండు గనుక రాజీ నిజమని నమ్ముతున్నమని చెప్పి, కేసు కొట్టేస్తూ ఉత్తర్వు చెప్పిన్రు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ నేను నాంపల్లి కోర్టులో దాఖలు చేసి, బెయిల్ బాండ్లు రద్దయినట్టు, కేసు ముగిసినట్టు మా రిజిస్టర్‌లో ఎక్కించిన. అక్కడికి నా డ్యూటీ అయిపోయింది. మరునాడు పొద్దున్నే ధూల్‌పేట్ పోవాల్సిన పని నాకు లేదు. పోయిన. వాడు వస్తడా రాడా అని రాత్రంత నిద్ర పట్టలేదు మరి.

నేను పోయేసరికే సంతోష్ వచ్చి ఉన్నడు. తలస్నానం చేసి, కొత్త పంచె కట్టి, మొదటి మూర్తి ముందు మంచె మీద కూసున్నడు. హబీబ్ భాయ్ గడప అవతల నిలబడ్డడు. ఉస్తాద్ మూర్తి కాళ్ళ దగ్గర నిలబడి పైకి చూస్తున్నడు. గల్లీ వాళ్ళు పది పదిహేను మంది జమ అయిన్రు. వాళ్ళందరి ముందట ఉస్తాద్ మూర్తి వైపే చూసుకుంట, "ఆ సాంచా వీడు దొంగతనం చేయలేదు. నేనన్నది తప్పు" అన్నడు. సంతోష్ కుంచె ముంచి ఎడమ కన్ను గీసిండు. గీత వంకర పోయింది.

"తుడువు" అన్నడు ఉస్తాద్.

రెండేండ్ల తర్వాత సంతోష్‌తో ఆయన మాట్లాడిన మొదటి మాట అది. సంతోష్ తడిబట్టతో తుడిచి మళ్ళా గీసిండు. "తుడువు" అన్నడు మళ్ళా. మూడోసారి గీసిండు. ఉస్తాద్ వెనక్కి నాలుగడుగులు వేసి చూసిండు, పక్కకు జరిగి చూసిండు. ఈసారి తుడువు అనలేదు. సంతోష్ కుడి కన్ను మొదలుపెట్టిండు. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, స్టేషన్‌కు టైమైందని చెప్పి వచ్చేసిన.

నలభై మూర్తులు పండుగకు ముందే గడప దాటినయి. ఆ తర్వాత కూడా ఏ ఏడూ సంతోష్ రాకుండ ఉండలేదు. కేసు లేదు, షరతు లేదు, వస్తడు, దిద్దుతడు, పోతడు. ఉస్తాద్ ఇంతవరకు వానికి ఒక్క కప్పు చాయ్ ఇయ్యలేదు. ఆయన కోపం పోలేదని హబీబ్ భాయ్ చెప్తనే ఉంటడు. సంతోష్ కూడా పోవాల్నని అడగలేదట.

నేను నేర్చుకున్నది ఇది. రాజీ అంటే మనసు కడిగేసుకునుడు అని మేము, వకీళ్ళు కలిసి ఒక అబద్ధం తయారు చేసి, దాని కింద జనంతో సంతకాలు పెట్టిస్తుంటిమి. కోర్టుకు కావాల్సింది అది కాదు. కేసు నడపొద్దని ఆ మనిషి తెలిసే అంటున్నడా, ఎందుకు అంటున్నడు, అది చాలు. మిగిలిన రెండేండ్ల సర్వీసులో రాజీ కేసులకు నేను పంపిన ఏ రిపోర్టులోనూ మనస్పర్థలు లేవన్న వాక్యం రాయలేదు. ఇంకా ఏం మిగిలిందని ఫిర్యాదిని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసిన. వాటిలో ఒక్కటి కూడా వాపస్ రాలేదు.